పోలండ్ బీరు పరిమళం ఎక్కడ పోయింది: బంటింగ్ నుంచి పెటాలింగ్ జయ దాకా ఒక శనివారం

గత నెల ఈ బ్లాగులో ఒక పోలండ్ బీరును దుమ్మెత్తి పోశాను. చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చిన్న బ్రూవరీలో, బీరుకు చేదూ పరిమళమూ ఇచ్చే హాప్స్ పూలు దండిగా వేసి కాచిన రకం అది. ముదురు గోధుమ రంగు సీసా, లేబుల్ మీద కొంగ బొమ్మ, పెటాలింగ్ జయలో ఒక షాపులో ఇరవై ఎనిమిది రింగిట్లు. మూత తీయగానే హాప్స్ పరిమళం గుప్పుమంటుందని లేబుల్ మీద ఊరించారు. నా ముక్కుకు తగిలింది మాత్రం వానలో తడిసిన అట్టపెట్టె వాసన. నోట్లో పోసుకుంటే పాతబడిన తేనె రుచి, ఆ వెనకాల మొరటు చేదు. ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి గంటలో రాసి పడేశాను, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. "ఈ బీరును మన దేశానికి తెచ్చినవాడికి అసలు నాలుక ఉందా?" అని ముగించాను. ఆ వాక్యం రాసినప్పుడు నాకు మహా సంతోషమేసింది, దాచుకోవడం ఎందుకు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం నా సంగతి రెండు ముక్కలు. పుట్టింది ఇక్కడే మలేసియాలో, తెలుక్ ఇంటాన్‌లో. తాత ఎస్టేట్‌లో గుమాస్తా. ఇప్పుడు అమ్మా నేనూ సైబర్‌జయలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం నాది, అంటే ఇతరులు రాసినదాంట్లో తప్పులు పట్టినందుకు జీతం ఇస్తారు. సెలవు రోజుల్లో కొత్త బీర్లు రుచి చూసి రాయడం నా సరదా. అమ్మ దాన్ని సరదా అనదు. మా ఫ్రిజ్‌కీ దేవుడి అలమరకీ మధ్య రెండడుగుల దూరం, కాబట్టి బీరు సీసా మా గుమ్మం దాటదు. కొన్నవి కొన్నట్టే కారు డిక్కీలో, పాత తువ్వాలు చుట్టి, గొడుగు పక్కన పెట్టుకుంటాను. వీలు దొరికినప్పుడు స్నేహితురాలి ఇంటికి తీసుకెళ్లి, గంటసేపు అక్కడి ఫ్రిజ్‌లో ఉంచి రుచి చూస్తాను. పన్నెండేళ్లుగా ఇదే పద్ధతి.

ఆ రాత వేసిన మూడు వారాలకు ఫోన్‌లో ఒక గొంతు సందేశం వచ్చింది. బ్లాగులో ఇచ్చిన నంబరు పట్టుకుని పంపారట. "అమ్మా, నా పేరు డేనియల్. బంటింగ్‌ల ఉంటాను. ఆ కొంగ బొమ్మ బీరు తెప్పించినోణ్ణి నానే. మీ రాత సదివినాను. మా సర్చిల తెలుగు బైబిల్ సదువుతాం గదా, అచ్చరాలొస్తాయి. నాకు నాలుకున్నాదమ్మా. ఒక్క శనివారం నాతోటి రండి, మా బండి తిరిగే దారంతా సూపిస్తాను. అప్పుడేటి రాస్తారో మీ ఇష్టం."

విన్నాక ఇంకా మండింది. పాడైన సరుకు అమ్మింది వీళ్లు, డబ్బు పెట్టి తాగింది నేను, మళ్లీ శనివారం నిద్ర మానుకుని వీళ్ల చుట్టూ తిరగాల్సింది కూడా నేనేనా అనిపించింది. అయినా వస్తానన్నాను. పోలండ్ నుంచి పెటాలింగ్ జయ దాకా ఎవరో ఒకరు ఆ బీరును చెడగొట్టారు, ఆ ఒకరెవరో పట్టుకుని పేరు పెట్టి మరీ రాయాలన్నది నా పట్టుదల. ఆయన బండిలో ఎక్కనని, నా కారు నేనే తెచ్చుకుంటానని చెప్పాను. కోపమొస్తే మధ్యలో తిరిగి రావడానికి దారి ఉండాలి కదా.

ఉదయం ఏడున్నరకు సైబర్‌జయలో బయలుదేరితే ఎనిమిదీ ఇరవైకల్లా బంటింగ్‌లో ఉన్నాను. కారు లేనివాళ్లు క్లాంగ్ నుంచి బస్సులో రావచ్చు. ప్రయాణం గంట పైనే, బస్సు కోసం కాచుకోవడం దానికి అదనం. ఊరంతా షాపులు, మోటారు సైకిళ్లు. ఒకప్పటి పామాయిల్ తోటల జాగాలో ఇప్పుడు ఫ్యాక్టరీ గోడలు. బస్సులాగే చోటుకు దగ్గర్లో ఒక తమిళావిడ టిఫిన్ షాపు ముందు తెల్ల వ్యాను ఆగి ఉంది. డేనియల్‌కి యాభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, జేబులో కళ్లజోడు. నేను ఎవరో పొట్టిగా, లావుగా, గద్దరిగా ఉంటాడనుకున్నాను. ఈయన సండేస్కూలు మాస్టారులా ఉన్నాడు. దాంతో నాకు తిట్టడానికి కాస్త కష్టమైంది.

పరోటాలాంటి రోటీ చనాయ్ రెండు, నురుగు టీ టే తారిక్ ఒకటి నాకు చెప్పాను, ఏడు రింగిట్లలోపే అయింది. పప్పుచారు మళ్లీ అడిగితే మళ్లీ పోస్తారు. డేనియల్ ఐసు మైలో తెప్పించుకుని, గ్లాసు ఎత్తి ఐసు ముక్కలను వెలుతురులో పెట్టి చూశాడు. రోటీ వేసే ఆవిడ నవ్వుతూ తమిళంలో, "ఈ అన్నకి నా ఐసు మీద రోజూ అనుమానమే, పదేళ్లయింది" అంది. ఆయన సిగ్గుపడ్డాడు. ఇరవై ఏళ్లు చేపల లారీ నడిపాడట, పోర్ట్ క్లాంగ్ నుంచి కౌలాలంపూర్ మార్కెట్‌కి.

"సేప సెడితే వాసనే సెప్తాదమ్మా," అన్నాడు. "బీరు సెడితే సీసా మీద ఏటీ కనబడదు. అందుకే దానికి ఇంకా బయం పడాల."

నేను నాన్చకుండా అడిగాను. "మరైతే నా సీసా ఎవరు సెడగొట్టినారు అన్నయ్యా?"

"నాకు తెల్దమ్మా. దారంతా సూపిస్తానన్నాను గదా, మీరే సూడండి."

తర్వాత అసలు సంగతి చెప్పాడు. క్లాంగ్‌లో బీర్లు తెప్పించే చిన్న కంపెనీలో రెండేళ్ల కిందట చేరాడు. ఈసారి కొత్త బీరొకటి నువ్వే ఎంచు అని తౌకే, అంటే యజమాని, ఈయనకు వదిలాడు. పదకొండు రకాలు రుచి చూసి ఈ కొంగ బొమ్మను ఎంచాడు. ఐదు షాపులు తీసుకున్నాయి. నా ఇంగ్లీషు రాత బీరు తాగేవాళ్ల గ్రూపుల్లో తిరిగాక మూడు షాపులు వద్దన్నాయి. "నెలాకరికి ఆ మూడు కెడాయ్‌లూ తిరిగి తీసుకోపోతే వేరే పని సూసుకోమన్నాడు తౌకే," అన్నాడు. "సేపల లారీకి మళ్లీ పోలేను లా. నడుం పోయింది." నెలాఖరు ఇంక పన్నెండు రోజులుంది.

నాకు జాలి కలగలేదు, అప్పటికింకా. తప్పు నాది కానప్పుడు నా రాత మీద పడి ఏడవడం ఏమిటి అనుకున్నాను. మాట మార్చడానికి, బీరు అమ్ముతారు కదా, చర్చిలో ఏమీ అనరా అని అడిగాను. పాస్టరుగారు ఇంట్లో పెట్టొద్దన్నారట. అందుకని పాత చిన్న ఫ్రిజ్ ఒకటి కొని వరండాలో పెట్టాడట. "వరండా ఇల్లు కాదు గదమ్మా," అన్నాడు చాలా గంభీరంగా. నేను పడీపడీ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు తల తీసేసినట్టుంది.

క్లాంగ్‌కు నలభై నిమిషాలు పట్టింది. ఆయన వ్యాను ముందు, నా కారు వెనక. గోడౌన్ చేరేసరికి పదింపావు. పోలండ్ నుంచి వచ్చే కంటైనరు చల్లటిదేనట. దారి పొడుగునా లోపలి వేడి ఎంతుందో చూపే కాగితం తౌకే గుమాస్తా తీసి చూపించాడు. నేను దాన్ని ఆఫీసులో ఎర్రర్ లాగ్ చూసినట్టు వరసవరసా చూశాను. ఎక్కడా ఆరు డిగ్రీలు దాటలేదు. వ్యానులో డేనియల్ సొంత థర్మామీటర్ దారం కట్టి వేలాడదీశాడు, నాలుగు. చల్లగదిలో నాలుగు. తలుపు తెరిచి అర నిమిషం ఉంచితే చాలు, పనివాళ్ల మీద ఆయన గొంతు లేస్తోంది. తప్పు దొరక్క నాకు చిరాకు పెరుగుతోంది.

అప్పుడు సీసా తీశాడు. అదే కొంగ, వెనక అదే తేదీ. నేను కారు నడపాలి కాబట్టి రెండు గుక్కలకు మించి తాగనని ముందే చెప్పాను. ఆయన గ్లాసు కడిగి, తుడవకుండా బోర్లించి ఆరబెట్టి, వాలుగా పట్టి పోశాడు. రంగు పండిన మామిడి రసానికి ఒక మెట్టు పలచన. తెల్లటి నురుగు, గ్లాసు అంచు పట్టుకుని వదల్లేదు. ముక్కు దగ్గరికి తేగానే మొదట పంపరపనస తొక్క గిల్లినప్పటి వాసన, తర్వాత పచ్చగడ్డి, ఆ అడుగున సోంపు జాడ. పోలండ్ హాప్స్‌లో మారింకా అనే రకం ఒకటుంది. పచ్చగడ్డీ సోంపూ కలిసిన ఆ జాడ దానిదే. నోట్లో మొదట కాస్త తీపి, వెంటనే చేదు. మొరటు చేదు కాదు, వేప పువ్వు పచ్చడిలో ఉండేలాంటి శుభ్రమైన చేదు. మింగాక కూడా నాలుక పక్కల నిలిచి, ఇంకో గుక్క అడిగింది. నాలుక మీద మరీ బరువు లేదు, ఆరు శాతం పైచిలుకు ఆల్కహాలు ఉన్నట్టే తెలియదు. తప్పు ఒకటే: చివర్లో ఒక్క క్షణం నోరు పొడిబారినట్టవుతుంది, అది నాకు నచ్చలేదు. పదికి ఎనిమిదిన్నర ఇస్తాను. గత నెల దీనికే రెండు ఇచ్చాను.

మిగిలింది సింకులో పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమంది. వెంటనే కోపం కూడా రెట్టింపయింది. ఇంత మంచి బీరును అట్టపెట్టె కంపుగా మార్చి నాకు అమ్మింది ఎవరు? ఓడ కాదు, గోడౌన్ కాదు, వ్యాను కాదు. మిగిలింది ఆ షాపు ఒక్కటే. ఎండలో అద్దాల బీరువాలో పెట్టి ఉంటాడు, రాత్రిళ్లు కరెంటు ఆపేసి ఉంటాడు. పదండి అన్నాను. తర్వాత తీరిగ్గా రాసుకోవడానికని డేనియల్ ఇంకో సీసా చేతిలో పెట్టాడు. దాన్ని నా కారులో పెట్టుకుని బయలుదేరాను.

క్లాంగ్ నుంచి పెటాలింగ్ జయకు ఫెడరల్ హైవే మీద శనివారం కూడా రద్దీయే. గంట వేసుకోండి. పదకొండూ ముప్పావుకు షాపు వెనకనున్న పార్కింగ్‌లో ఆపాను. పైకప్పు లేదు, చెట్టు లేదు, గంటకు రెండు రింగిట్లు. షాపు నడిపేది అరవై దాటిన చైనీస్ అంకుల్, కొంగ బీరు వద్దన్న ముగ్గురిలో ఈయనా ఒకరు. బనీను, మెడలో తువ్వాలు. ఆయన్ను పలకరించకుండానే మొదలుపెట్టాను. మలయ్‌లో మాట్లాడాను, సగం ఇంగ్లీషు. నాకు పాడైన సీసా అమ్మారన్నాను, మీ నిర్లక్ష్యానికి ఈ మనిషి ఉద్యోగం పోతోందన్నాను, చల్లటి సరుకు ఉంచుకోవడం చేతకాకపోతే మినపప్పు అమ్ముకోమన్నాను. డేనియల్ వెనక నుంచి "అమ్మా, మెల్లగా" అంటూనే ఉన్నాడు. షాపులో ఇద్దరు కొనడానికొచ్చినవాళ్లు వెళ్లిపోయారు.

అంకుల్ అంతా విన్నాడు. లేచి ఫ్రిజ్ తలుపు తీసి, లోపలి అంకె చూపించాడు. ఐదు. "ఇందులోంచే నువ్వు తీసుకున్నావు," అన్నాడు. "నాకు గుర్తుంది, చల్లగా ఉందా అని రెండుసార్లు అడిగావు. చల్లగానే ఇచ్చాను. ఆ తర్వాత నాకు తెలియదు."

అందరూ చెప్పే మాటే అది. మా ఆఫీసులో ప్రోగ్రాం రాసేవాళ్లు కూడా, మా దగ్గర బాగానే పనిచేస్తోంది అంటారు. నమ్మలేదు. పక్క షాపులో అన్నం, రెండు కూరలు, చేప ముక్క తొమ్మిది రింగిట్లకు తిన్నాం. తింటూ ఒక పద్ధతి ఆలోచించాను. ఆయన ఫ్రిజ్‌లో ఇంకా అమ్ముడుపోని కొంగ సీసాలు రెండున్నాయి. క్లాంగ్ చల్లగదిలోంచి తెచ్చిన సీసా నా దగ్గరుంది. ఒకే తేదీ సరుకు. రెండూ పక్కపక్కన పోసి, అంకుల్ చేతే వాసన చూపిస్తే తేలిపోతుంది. డేనియల్‌కి చెబితే మంచిదేనన్నాడు.

ఒంటిగంటన్నరకు కారు దగ్గరికెళ్లి డిక్కీ తెరిచాను. వేడి మొహానికి కొట్టింది. తువ్వాలు తీసి సీసా పట్టుకుంటే వెచ్చగా తగిలింది. క్లాంగ్‌లో చేతులు వణికించిన సీసా అది, మూడు గంటలు కూడా కాలేదు. దాన్ని వెనకే వచ్చిన డేనియల్ చేతికిచ్చాను.

ఆయన తాకి చూశాడు. "కారు బూట్‌ల ఐసు పెట్టె ఉందనుకున్నానమ్మా," అన్నాడు. వ్యానులోంచి థర్మామీటర్ తెచ్చి గొడుగు పక్కన పెట్టి డిక్కీ మూశాడు. ఎండలో ఇద్దరం నిలబడ్డాం. కాసేపాగి తెరిస్తే యాభై రెండు.

"ఆ సీసా కూడా ఇక్కడే ఉంచినారా?" అని అడిగాడు. గొంతులో ఏ మార్పూ లేదు.

"అవును అన్నయ్యా."

"ఎన్నాళ్లు?"

శుక్రవారం కొన్నాను. శనాదివారాల్లో స్నేహితురాలు ఊళ్లో లేదు, మళ్లీ సెలవు బుధవారం వచ్చింది. మధ్యలో ఇంటి దగ్గరా ఆఫీసు దగ్గరా పార్కింగ్, రెండూ ఎండలోనే. "ఐదు రోజులు," అన్నాను. ఆయన తల ఊపి, థర్మామీటర్ దారం వేలికి చుట్టుకున్నాడు. ఒక్క మాట అన్నా బాగుండేది. ఎవరూ తిట్టకపోతే ఆ కోపమంతా ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. పన్నెండేళ్లుగా నేను రాసిన బీర్లన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. అట్టపెట్టె వాసన అని నేను చీవాట్లు పెట్టినవి ఎన్నో లెక్క గుర్తులేదు. నా అంత తెలివితక్కువ మనిషి ఈ క్లాంగ్ లోయలో ఇంకొకరు లేరు. పొద్దున ఒక మనిషి వరండా ఫ్రిజ్ సంగతి విని నవ్విన నోరిది.

మళ్లీ షాపులోకి వెళ్లడం ఆ రోజు ప్రయాణంలో అన్నిటికన్నా దూరం. అంకుల్ కౌంటర్ తుడుచుకుంటున్నాడు. వేడి సీసా ఆయన ముందు పెట్టి జరిగింది చెప్పాను, క్షమించమన్నాను. సీసాను వేలితో తాకి చూశాడు. "మొదటిది ఎంతసేపట్లో రాశావు?" అని అడిగాడు. గంటలో అన్నాను. "ఇది కూడా గంటలో రాయి. ఇక్కడే కూర్చుని రాయి." ఒక ఖాళీ క్రేటు బోర్లించి నా ముందుకు తోశాడు.

రాశాను. ఫోన్‌లోనే, రెండు భాషల్లోనూ, పాత రాత నెత్తి మీద కనిపించేట్టు. చెడిపోయింది బీరు కాదు, నా కారు డిక్కీలో ఐదు రోజులు ఉడకబెట్టిన బీరు అని రాశాను. నాలుక లేనిది నాకేనని కూడా రాశాను. అంకుల్ ఇంగ్లీషు రాత చదివాడు, డేనియల్ కళ్లజోడు పెట్టుకుని తెలుగుది చదివాడు, పెదవులు కదుపుతూ, మెల్లగా. అంకుల్ అప్పుడు ఫ్రిజ్‌లోంచి ఒక సీసా తీసి మూడు చిన్న గ్లాసుల్లో తలా ఒక గుక్క పోశాడు. పంపరపనస తొక్క వాసన, క్లాంగ్‌లో ఉన్నట్టే. "ఒక పెట్టె పంపు, చూద్దాం," అన్నాడు డేనియల్‌తో. రెండో షాపుకు నేనే ఫోన్ చేస్తే సోమవారం మాట్లాడదామన్నారు. మూడో షాపువాడు, ఆ పేరు జనం నోట చెడిపోయిందక్కా, ఇంక నేను పెట్టలేను అని ఫోన్ పెట్టేశాడు.

ఇంటికి చేరేసరికి ఐదయింది. అమ్మకు అంతా చెప్పాను. నీ వల్లే అని కూడా అనేశాను. బీరు ఇంట్లోకి రానివ్వవు కాబట్టే ఒక మనిషి కూటి మీదికి వచ్చిందన్నాను. అమ్మ కాకరకాయలు కోస్తూ తలెత్తింది. "దేవుడి ముందర పెట్టొద్దన్నాను. వెనక బాల్కనీల సోటు లేదా? ఐసు పెట్టె కొనుక్కోలేవా? పన్నెండేళ్లల ఒక్కపాలైనా నన్నడిగినావేటే?" అడగలేదు. ఆవిడ ఒప్పుకోదని నేనే తీర్పు రాసేసుకున్నాను, పరీక్షించకుండానే.

నా మొదటి రాత మూడు వారాల్లో ఎన్ని ఫోన్లు తిరిగిందో నాకు తెలియదు. దిద్దుబాటును మాత్రం ఎవరూ ఎవరికీ పంపడం లేదు, వారం నుంచి చూస్తున్నాను. తిట్టు పంచుకోవడానికున్న ఓపిక జనానికి క్షమాపణ పంచుకోవడానికి లేదని నాకు మహా కోపంగా ఉంది. ఆ తిట్టు రాసింది నేనేనని గుర్తొచ్చినప్పుడు ఆ కోపం ఎటు తిరగాలో తెలియక నా దగ్గరికే వస్తోంది. సోమవారం రెండో షాపు ఒప్పుకుంది. నెలాఖరు ఇంక ఐదు రోజులుంది, ఒక షాపు మిగిలింది. డేనియల్ నిన్న కూడా ఫోన్ చేసి, తౌకే ఏమన్నాడో చెప్పకుండా, నేను ఐసు పెట్టె పెట్టబోయే బాల్కనీలో మధ్యాహ్నం ఎండ పడుతుందా అని అడిగాడు. ఈ దారిలో వచ్చేవాళ్లు పెటాలింగ్ జయలోనైనా క్లాంగ్‌లోనైనా కొంగ బొమ్మ సీసా అడగండి, లేదంటే ఎందుకు లేదని అడగండి. వెళ్లేముందు కారులో ఒక ఐసు పెట్టె పెట్టుకోండి, ముప్పై రింగిట్లకు ఏ సామాన్ల షాపులోనైనా దొరుకుతుంది. ఎవరి నాలుక గురించైనా రాయాలనిపిస్తే, ముందు మీ డిక్కీ తెరిచి ఒక్కసారి చెయ్యి పెట్టి చూడండి.